ఐదో ఎపిసోడ్‌లో ఏమీ జరగలేదనడం వాస్తవం కాదు

గుంటూరు మిర్చి యార్డు కథతో వస్తున్న ఆ క్రైమ్ సిరీస్‌ను రాసినవారికి, తీసినవారికి, ముఖ్యంగా ఇప్పుడు కత్తెర పట్టుకుని కూర్చున్నవారికి నమస్కారం.

సిరీస్ పేరు రాయను. చూస్తున్నవాళ్లకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా పనిచేసే మనిషి ఒక సోమవారం రాత్రి ఇంటికి రాలేదు. మూడో రోజు శవమై దొరికాడు. అక్కడ మొదలుపెట్టారు మీరు. మొత్తం 8 ఎపిసోడ్లు, వారానికొకటి, శుక్రవారం. మొన్న ఐదోది వచ్చింది. ఆదివారానికల్లా జనం దుమ్మెత్తిపోశారు. "స్లో." "నత్తనడక." "నిద్ర రానివాళ్లకు మంచి మందు." అన్నిటికంటే ఎక్కువగా వినపడ్డ మాట, "51 నిమిషాల్లో ఏమీ జరగలేదు."

అక్కడితో ఆగినా బాగుండేది. మీలో ఒకరు ఇంటర్వ్యూలో కూర్చుని, ప్రేక్షకుల మాట విన్నామనీ, మిగిలిన మూడు ఎపిసోడ్లకూ స్పీడు పెంచుతున్నామనీ, మళ్లీ ఎడిట్ చేస్తున్నామనీ చెప్పారు. అది విన్నప్పటి నుంచీ నాకు టెన్షన్‌గా ఉంది. సీరియల్ మనిషికి ఉత్తరం రాయడం నా జన్మలో ఇదే మొదటిసారి.

నా గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈవిడెవరు మాకు చెప్పడానికి అనుకుంటారు. నేను 31 ఏళ్లు కోర్టుల్లో పనిచేశాను. మొదట టైపిస్టుని, తర్వాత స్టెనోని. నా పని ఏమిటంటే, సాక్షి బోనులో నిలబడి తన తెలుగులో చెబుతాడు, జడ్జిగారు దాన్ని విని, రాయాల్సినంత మేరకు డిక్టేట్ చేస్తారు, నేను టైపు కొడతాను. అట్లా ఎన్ని వేల పేజీలు కొట్టానో లెక్కలేదు. అన్నిట్లోకీ ఎక్కువసార్లు కొట్టిన వాక్యం మాత్రం చెప్పగలను. డిఫెన్సు లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో "నువ్వు ఆ రోజు అసలు ఆ ఊళ్లోనే లేవు" అంటాడు. సాక్షి "లేదండీ, ఉన్నాను" అంటాడు. కాగితం మీదికి వచ్చేసరికి అది "ఆ రోజు నేను ఊళ్లో లేననడం వాస్తవం కాదు" అవుతుంది. ఈ ఉత్తరానికి పైన పెట్టిన మాట అక్కడిదే. అలవాటు పోదు కదా.

అట్లా కొట్టీ కొట్టీ నాకు తెలిసొచ్చింది ఒకటుంది. సాక్షి చెప్పిన మాటలన్నీ కాగితం మీదికి వస్తాయి. చెప్పడానికి ముందు ఎంతసేపు ఆగాడన్నది రాదు. ఒకసారి ఒకావిడ బోనులో ఉంది. లాయరు ఒక చిన్న ప్రశ్న అడిగాడు. ఆవిడ జవాబు చెప్పలేదు. జడ్జిగారు తొందరపెట్టలేదు. నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. పైన ఫ్యాను చప్పుడు, బయట కాంటీన్ వైపు నుంచి గ్లాసుల చప్పుడు. నిమిషం అయిందో, రెండు నిమిషాలు అయిందో. అప్పుడు ఆవిడ "అవునండీ" అంది. నేను కొట్టింది ఆ ఒక్క ముక్కే. తర్వాత ఆ కాపీ చదివినవాళ్లకు ప్రశ్న పక్కనే జవాబు కనపడింది, మధ్యలో సందు లేదు. కోర్టు హాల్లో ఉన్న మా అందరికీ మాత్రం ఆ కేసు ఆ సందులోనే తేలిపోయింది.

చట్టం చేసినవాళ్లకూ ఈ సంగతి తెలుసు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 280వ సెక్షన్ అని ఒకటుంది. సాక్ష్యం చెప్పేటప్పుడు సాక్షి వాలకం ఎట్లా ఉందో, ముఖ్యమనిపిస్తే జడ్జి రాసిపెట్టాలని. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ అది పోలేదు, నంబరు మారింది అంతే. నా సర్వీసులో ఆ కాలమ్ నిండగా చూసింది తక్కువ. అయినా చోటు ఉంచారు.

మీరు ఇప్పుడు చేస్తున్న పొరపాటు అదే అని నా అనుమానం. జనం రాసిన మాటలు చదివారు. అవి డిపోజిషన్లు, అంటే కాగితం మీదికి ఎక్కిన సాక్ష్యాలు. వాళ్ల వాలకం మీరు చూడలేదు. నేను చూశాను. మా హాల్లో.

బ్రాడీపేటలో మాది చిన్న అపార్టుమెంటు. శుక్రవారం రాత్రి మా ఇంట్లో ఆరుగురం చేరతాం. నేను, మావారు, మా అత్తగారు, పక్క ఫ్లాటు దంపతులు, పై అంతస్తులో ఉండే ఆడిటర్ గారు. పక్క ఫ్లాటాయన యార్డులో ఒక కమీషన్ షాపులో గుమాస్తా. మీ కథలో చచ్చిపోయినవాడూ గుమాస్తాయే కాబట్టి ఆయన సోఫా మధ్యలో, దగ్గరి బంధువులాగా కూర్చుంటాడు. ఆ రోజు నేను పప్పు కుక్కర్లో పెట్టి వచ్చాను. మూడు కూతలకు కట్టెయ్యాలి.

వరండా సీను మొదలైంది. చూడనివారి కోసం చెబుతాను. పోలీస్ స్టేషన్ వరండా, మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు. చనిపోయినవాడి భార్య, ఆమె తమ్ముడు చెక్కబల్ల మీద పక్కపక్కనే. ఆమె కాళ్ల దగ్గర టిఫిన్ క్యారేజి. లోపల స్టేషన్ రైటర్ ఒక్కొక్కరినీ పిలిచి మళ్లీ వాంగ్మూలం రాసుకుంటున్నాడు. తమ్ముడి వంతు వచ్చింది. కిటికీలోంచి మాటలు ఆమెకు వినపడుతున్నాయి. "మీ బావని చివరిసారి ఎప్పుడు చూశావయ్యా?" అన్నాడు రైటర్. తమ్ముడు ఆగాడు. గోడ గడియారం తప్ప ఏమీ వినపడదు. "ఆదివారం సార్" అన్నాడు. బయట ఆమె చీర చెంగు మడత పెడుతోంది, ఆ చెయ్యి ఆగింది. తమ్ముడు బయటికొచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె క్యారేజిని రెండో వైపుకు జరిపింది. కాసేపటికి మూత తీసి, ఒక్కతే తినడం మొదలుపెట్టింది.

అంతే. పదకొండు నిమిషాలు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, ఎవరూ ఏడవలేదు. వెనకాల సంగీతం కూడా పెట్టలేదు మీరు, ఆ ధైర్యానికి దండం.

మా హాల్లో ఏం జరిగిందంటే, కుక్కర్ కూసింది. ఎవరూ లేవలేదు. ఇంకోసారి కూసింది. మా అత్తగారికి 82 ఏళ్లు, సీరియల్ ఏదైనా సగంలో కునుకు తీస్తుంది. ఆవిడ ముందుకు వంగి, "అదేందే, తమ్ముడికి పెట్టకుండా అది తింటంది?" అంది. ఒక్కసారిగా హాలంతా బిగుసుకుపోయింది. మన ఇళ్లల్లో తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అక్క ఒక్కతే ముద్ద నోట్లో పెట్టుకోవడం అంటే ఏమిటో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. రెండో ఎపిసోడ్‌లో ఆమె పొరుగింటావిడతో మాటల మధ్య "సోమవారం సాయంత్రం మా తమ్ముడూ ఆయనా కలిసే టీ తాగారు" అన్న ముక్క అప్పుడు గుర్తొచ్చింది మా ఆడిటర్ గారికి. "అయితే వీడేనా?" అని గట్టిగా అనేశాడు. పక్క ఫ్లాటావిడ "ఉష్" అంది. కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో ఎవరం లెక్కపెట్టలేదు. పప్పు అడుగంటింది.

ఆ ఆడిటర్ గారే రాత్రి పదకొండుకు ఫోన్లో రెండు స్టార్లు ఇచ్చి "స్లో, ల్యాగ్" అని రాశాడు. పొద్దున లిఫ్టు దగ్గర నేనే అడిగాను, ఏమండీ, మీరు కదలకుండా చూశారు కదా అని. "చూశాను గానీ అమ్మా, ఏం జరిగిందని చెప్పను?" అన్నాడు. నిజమే పాపం. చెప్పడానికి మాట దొరకనిదాన్ని ఏమీ జరగలేదు అంటాం మనం.

అయితే ఆయన ఫిర్యాదు ఉత్త అబద్ధమూ కాదు. ఆ రాత్రి మా హాల్లోంచి ముగ్గురు లేచి వెళ్లిన సందర్భం ఒకటుంది. వరండా సీను అయిపోగానే మీ డ్రోన్ పైకి లేచింది. కథ జరిగేది గుంటూరులో. డ్రోన్ మాత్రం 35 కిలోమీటర్లు పోయి కృష్ణ మీద, 70 గేట్ల ప్రకాశం బ్యారేజి మీద తిరుగుతోంది. ఒకరు మంచినీళ్లకు లేచారు, ఒకరు ఛార్జర్ కోసం, నేను కుక్కర్ గుర్తొచ్చి. మావారు వాట్సాప్ తెరిచారు. ఐదు ఎపిసోడ్లలో ఆ బ్యారేజిని ఎన్నిసార్లు చూపించారో, బెజవాడవాళ్లకే మొహం మొత్తి ఉంటుంది. గుంటూరులో చూపించడానికి ఏమీ లేదనుకున్నారా? మొదటి ఎపిసోడ్‌లో కొత్తగా బదిలీ మీద వచ్చిన సీఐ యార్డు గేటు దాటగానే ఘాటుకు దగ్గీ దగ్గీ మాట్లాడలేక పోతాడే, ఆ పది సెకన్లు చాలు ఊరు తెలియడానికి.

తర్వాత అదే సీఐ జీపు దిగి స్టేషన్ మెట్లెక్కడం. మెట్లు నాలుగు. మావారు ఫోను చూసుకుని తలెత్తేసరికి ఇంకా మూడో మెట్టు మీదే ఉన్నాడు.

నెమ్మది వేరు, సాగదీత వేరు. నిదానం వేరు, నాన్చుడు వేరు. మన భాషలో వేటికవి విడివిడి మాటలున్నాయి. "స్లో" అనే ఒక్క ఇంగ్లీషు ముక్క వచ్చి అన్నిటినీ ఒకే సంచిలో వేసింది. జనం "స్లో" అని రాస్తే వాళ్లు ఏ మాట అనుకుని రాశారో మీరు కనుక్కోవాలి. వంట నిదానంగా ఉడుకుతోందన్న ఫిర్యాదా, పొయ్యి ఆరిపోయిందన్న ఫిర్యాదా? మీరు తొందరపడి వరండా సీను కోసి, సీఐ మెట్లు ఉంచేస్తారేమోనని నా భయం. ఎందుకంటే ఆ మెట్ల మీద హీరో ఉన్నాడు, వరండాలో లేడు.

పక్క ఫ్లాటు గుమాస్తా గారి సంగతి ఇంకా విచిత్రం. ఆయనకి మీ మీద అందరికంటే కోపం. "అంతా నాన్చుతున్నారండీ" అంటాడు. ఏం నాన్చారండీ అని కూర్చోబెట్టి అడిగితే, తేలింది ఇది. ఐదు ఎపిసోడ్లయినా, చచ్చిపోయినవాడు బతికున్నప్పుడు ఏం పని చేశాడో ఒక్కసారీ చూపించలేదట. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగడం, తూకం, మచ్చు తీసి చేతిలో నలిపి రంగు చూడడం, తేజ రకం ఎక్కడ, 334 రకం ఎక్కడ, ఏ రైతు సరుకు ఏ ఛాంబర్లో ఉందో పుస్తకంలో ఎక్కించడం. ధర లేనప్పుడు రైతు సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు, రంగు పోకుండా ఉంటుందని. దాన్నే యార్డులో ఏసీ సరుకు అంటారు. నెలల తరబడి ఆ సరుకు లెక్క ఉండేది గుమాస్తా చేతిలో. "మనిషిని చంపారంటే ఆ పుస్తకం కోసమే చంపుంటారు. ఆ పుస్తకం తెరిచి చూపించరేం?" అన్నాడు.

చూశారా. ఆయన స్లో అని తిడుతున్నాడు, కానీ అడుగుతున్నది ఇంకా నిదానంగా ఉండే సీను. పది నిమిషాలు ఒక మనిషి లెక్కలు రాసుకోవడం చూపించమంటున్నాడు! ఆయన పెట్టిన ఒక్క స్టారు చూసి మీరు స్పీడు పెంచితే ఆయనకు ఇంకా మండుతుంది.

మా అక్క కొడుకు విషయం చెప్పాలి. విజయవాడలో ఉద్యోగం, శనివారం సాయంత్రం రైల్లో వస్తాడు. వస్తూ వస్తూ మీ ఐదో ఎపిసోడ్ ఫోన్లో ఒకటిన్నర స్పీడులో చూసేశాడు. నంబూరు వచ్చేసరికి అయిపోయిందట. "ఏం లేదు పిన్నీ, వేస్టు" అన్నాడు గుమ్మంలోనే. తమ్ముడి సంగతేంట్రా అంటే, "ఏ తమ్ముడు?" అన్నాడు. కూర్చోబెట్టి, మామూలు స్పీడులో ఆ సీను మళ్లీ పెట్టాను. రైటర్ ప్రశ్నకీ తమ్ముడి జవాబుకీ మధ్య గోడ గడియారం తొమ్మిది సార్లు కొట్టుకుంటుంది, నేను లెక్కపెట్టాను. వాడి ఫోన్లో ఆ తొమ్మిది సెకన్లు ఆరయ్యాయి. ఆరు సెకన్లంటే మామూలుగా గుర్తు తెచ్చుకునే మనిషి తీసుకునే టైము. తొమ్మిదంటే అబద్ధం వెతుక్కునే టైము. ఒకటిన్నర స్పీడులో ఆ తమ్ముడు అమాయకుడు. వాడు రెండోసారి చూసి ఏమీ అనలేదు, కానీ రిమోట్ నా చేతిలోంచి తీసుకుని ఇంకోసారి వెనక్కి తిప్పాడు.

ఈ లెక్కన మీరే మొత్తం ఒకటిన్నర స్పీడులోకి మార్చి ఇస్తే, నిదానంగా చూడాలనుకున్నవాళ్లకు కూడా ఇక దారి ఉండదు.

ఇంకో మాట. తప్పు సగం మీ ప్రోమోది. ఐదో ఎపిసోడ్‌కు ముందు ముప్పై సెకన్ల ప్రోమో వదిలారు. జీపులు, పరుగులు, పగిలిన గ్లాసు, "ఈ శుక్రవారం అసలు నిజం" అని పెద్ద గొంతు. నిజం రాలేదు, క్యారేజి వచ్చింది. పెళ్లి భోజనమని పిలిచి సత్రంలో చాప వేసి, పులిహోర పొట్లం చేతిలో పెడితే పులిహోర ఎంత బాగున్నా తిట్టుకుంటూనే తింటారు.

మా అక్క కొడుకే చెప్పాడు, ఇది మన దగ్గరే కొత్తగా జరిగింది కాదట. 2007లో డెన్మార్క్‌వాళ్లు ఒక అమ్మాయి హత్య, ఆ ఒక్కదాని మీదే 20 ఎపిసోడ్ల సిరీస్ తీశారు. ఒక్కో ఎపిసోడ్ కథలో ఒక్కో రోజు. వాళ్ల దేశంలో జనం విరగబడి చూశారు. దాన్నే అమెరికావాళ్లు "ది కిల్లింగ్" పేరుతో 2011లో తీశారు. ఆ అమ్మాయిని చంపిందెవరు అన్న ప్రశ్ననే పోస్టర్ల మీద వేసి ప్రచారం చేశారు. 13 ఎపిసోడ్ల మొదటి సీజన్ అయిపోయింది, హంతకుడెవరో చెప్పలేదు. జనం మండిపడ్డారు. జవాబు 2012లో, రెండో సీజన్ చివర గానీ రాలేదు. ఇక్కడ నేను గమనించింది ఏమిటంటే, అన్ని వారాలు ఆ వానలో, ఆ ఇంట్లో తల్లిదండ్రుల ఏడుపుతో పాటు కూర్చున్నవాళ్లే చివరి రోజు తిట్టారు. అంటే వాళ్లకు నెమ్మదితో పేచీ లేదు. ఇస్తామన్నది ఇవ్వలేదు, అదీ పేచీ. పోస్టరు మీద వేరే మాట రాసి ఉంటే అంత గొడవ అయ్యేది కాదేమో.

ఇంకో అమెరికా సిరీస్, "బ్రేకింగ్ బ్యాడ్"లో 2010లో వచ్చిన ఒక ఎపిసోడ్ దాదాపు మొత్తం ఒకే గదిలో ఇద్దరు మనుషులు ఒక ఈగను తరమడమే. ఆ సిరీస్ ఎపిసోడ్లన్నిట్లోకీ తక్కువ మార్కులు దానికే, దాని గురించి ఇప్పటికీ వాదించుకునేవాళ్లూ ఉన్నారు. తిట్లు తిన్నారు గానీ వాళ్లు దాన్ని మళ్లీ ఎడిట్ చెయ్యలేదు. అది నేను కూడా చూశాను. నాకు ఈగ పెద్దగా నచ్చలేదు, అది వేరే విషయం.

ఇక నా అసలు భయం. కోర్టు మనిషిగా చెబుతున్నాను. స్పీడు పెంచడానికి మన తెలుగు క్రైమ్ కథలకు తెలిసిన దారి ఒక్కటే. సీఐ తలుపేస్తాడు, లాఠీ తీస్తాడు, వాడు ఏడుస్తూ అంతా ఒప్పుకుంటాడు, కేసు క్లోజ్. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది ముద్దాయి మీద రుజువుగా పనికిరాదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ చెప్పింది. కొత్త సాక్ష్య చట్టంలో అదే ముక్క 23వ సెక్షన్‌లో ఉంది. వాడు చెప్పినదాన్ని బట్టి వెళ్తే ఒక వస్తువు దొరికిందనుకోండి, ఆ దొరకడానికి సంబంధించినంత వరకే ఆ మాట పనికొస్తుంది. అంటే నిజంగా కేసు నిలబడాలంటే పోలీసు నిదానంగా పోక తప్పదు. చివరిసారి ఎవరితో చూశారు, ఆ టీ ఎక్కడ తాగారు, ఆ టీ కొట్టువాడు చెబుతాడా, చెప్పినవాడు కోర్టులో నిలబడతాడా, హోస్టైల్ అయి మాట మార్చేస్తాడా. మీ ఐదో ఎపిసోడ్ చేసిన పని సరిగ్గా అదే. ఆ "ఆదివారం" అన్న మాట మీద మొత్తం కేసు తిరుగుతుంది. ఒప్పుకోలు కాదు, ఒక చిన్న అబద్ధం. ఎంత చక్కగా పట్టుకున్నారు! దాన్ని వదిలేసి లాఠీ దగ్గరికి పోతారా?

స్పీడే కావాలంటే మీ చేతిలోనే గడియారం ఉంది, మీరు దాన్ని వాడలేదు. మూడో ఎపిసోడ్‌లో కమీషన్ ఏజెంటును అరెస్టు చేసి రిమాండుకు పంపారు కదా. హత్య కేసుల్లో రిమాండు మొదలైన 90 రోజుల్లోగా ఛార్జిషీటు వెయ్యాలి. వెయ్యలేకపోతే అతనికి బెయిలు హక్కుగా వస్తుంది. ఐదో ఎపిసోడ్‌లో రైటర్ వెనక గోడ మీద "71" అని సుద్దముక్కతో రాసి ఉంది. నేను చూసి కుర్చీలోంచి లేచినంత పని చేశాను! 19 రోజులే ఉన్నాయి, పట్టుకున్నది తప్పు మనిషిని, అసలువాడు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. దీనికంటే టెన్షన్ ఏం కావాలి? కానీ మా హాల్లో నేను తప్ప ఆ అంకె ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే 90 రోజుల సంగతి మీరు ఒక్కసారి, అదీ కానిస్టేబుల్ గొణుగుడులో చెప్పించి ఊరుకున్నారు. దాన్ని ఒక్కసారి గట్టిగా చెప్పించండి, ఆరో ఎపిసోడ్ మొదట్లో. తర్వాత ఎంత నిదానంగా తీసినా జనం గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటారు.

పొగడ్తలే అనుకునేరు. అదే వరండా సీనులో తప్పు కూడా ఉంది. రైటర్ వాంగ్మూలం రాసుకుని తమ్ముడి చేత కింద సంతకం పెట్టించాడు. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న సాక్షి వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండకూడదు. పాత కోడ్‌లో 162, కొత్తదాంట్లో 181. నాకు నవ్వాగలేదు, మావారు ఏమైందని అడిగారు. ఆ సంతకం తీసేస్తే పది సెకన్లు మిగులుతాయి. ఇదిగో, కొయ్యడానికి ఒకటి దొరికింది.

మన జనానికి ఓపిక లేదని మీరు నమ్ముతున్నట్టున్నారు. మాది తెనాలి దగ్గర పల్లె. చిన్నప్పుడు తిరనాళ్లలో తెల్లవార్లూ కృష్ణ రాయబారం చూసినదాన్ని. పడక సీను కోసం జనం అర్ధరాత్రి దాకా కాచుకుని ఉండేవాళ్లు. ఆ సీనులో ఏం జరుగుతుంది? కృష్ణుడు నిద్రపోతున్నట్టు పడుకుంటాడు. దుర్యోధనుడు వచ్చి తల దగ్గర కూర్చుంటాడు. అర్జునుడు వచ్చి కాళ్ల దగ్గర నిలబడతాడు. ఇద్దరూ ఆయన లేచేదాకా కాచుకోవాలి. లేచి ముందు ఎవరిని చూస్తాడో చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా ఎవరూ కదలరు. పద్యం చివర రాగం తీస్తే, గడియారం చూసుకోవాల్సింది పోయి "వన్స్‌మోర్" అని అరిచేవాళ్లు. కూలికి పోయి వచ్చి, పొద్దున్నే మళ్లీ కూలికి పోవాల్సినవాళ్లు.

అయితే ఆ రోజులు వేరు, అది నేనూ ఒప్పుకుంటాను. శుక్రవారం రాత్రి, పొద్దుటి నుంచీ పని చేసి వచ్చిన మనిషి, చేతిలో ఫోను, పక్కన పిల్లాడి హోంవర్కు. అతను "ఏమయ్యా, తొందరగా తేల్చు" అంటే తప్పు పట్టను. ఆడిటర్ గారికైతే అది మార్చి నెల వేరే. కానీ ఆ అలసిపోయిన మనిషే వరండా సీనులో ఫోను చూడలేదు. నేను చూశాను. ప్రమాణం చేసి చెప్పమంటే చెబుతాను.

మీ దగ్గర ఎన్ని స్టార్లు వచ్చాయో లెక్క ఉంటుంది. ఎక్కడ ఆపి వెనక్కి తిప్పి చూశారో కూడా ఆ కంపెనీ కంప్యూటర్లో ఉంటుందని మా అక్క కొడుకు అంటున్నాడు. ఉంటే, దయచేసి తిట్లు పక్కన పెట్టి ఒకసారి అది తెప్పించుకుని చూడండి. క్యారేజి మూత తీసిన చోట ఎంతమంది వెనక్కి తిప్పారో, బ్యారేజి దగ్గర ఎంతమంది ముందుకు తోసేశారో. ఆ తర్వాత కత్తెర ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది. రెండూ ఒకచోటే వస్తే నా మాట తప్పని ఒప్పుకుని మూడు ఎపిసోడ్లూ మీ స్పీడులోనే చూస్తాను.

ఆ అక్క పాత్ర వేసినావిడకు నా నమస్కారాలు చెప్పండి. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒక్క క్షణం తమ్ముడి వైపు చెయ్యి కదిలి ఆగుతుంది. అది మీరు రాశారో, ఆవిడే చేసిందో తెలుసుకోవాలని ఉంది.

ఎల్లుండి శుక్రవారం. మా అక్క కొడుకు ఈసారి రైల్లో చూడనని, సెలవు పెట్టి ఒకరోజు ముందే వస్తానని ఫోన్ చేశాడు. పక్క ఫ్లాటాయన, పుస్తకం తెరవకపోతే టీవీ కట్టేస్తానంటున్నాడు, టీవీ మాది. కుక్కర్ మాత్రం ఏడున్నరకే దించేస్తాను.

ఇట్లు,
కోర్టులో స్టెనోగా చేసి రిటైరైన ఒక ప్రేక్షకురాలు,
బ్రాడీపేట, గుంటూరు